దూరంగా ఉన్న కుందేలుకీ నక్కకీ ఏ కాలిబర్? .223 తీసుకో తమ్ముడూ

అడిగిన ప్రశ్న ఇది: "మాది తెనాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో గొర్రెల ఫారంలో పనిచేస్తున్నాను. .22 రైఫిల్‌తో 60, 70 మీటర్ల దాకా కుందేళ్ళు కొడుతున్నాను. ఇంకా దూరం కొట్టాలి, నక్కలు కూడా వస్తున్నాయి. .17 హెచ్‌ఎంఆర్, .223, .22-250, .243లో ఏది కొనాలి?"

.223 తీసుకో. ఇంకేం ఆలోచించకు. (కాలిబర్ అంటే తూటా సైజు, ఆ అంకెలన్నీ తూటా రకాల పేర్లే.)

ఇప్పుడు నేను గుంటూరు కొరిటెపాడులో కూర్చుని మిర్చి వ్యాపారం చేసుకుంటున్నాను గానీ, అదే విక్టోరియాలో హామిల్టన్ దగ్గర ఒక గొర్రెల ఫారంలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. నీ ప్రశ్న చదవగానే ఒక రాత్రి గుర్తొచ్చింది. అది చెప్పకుండా నేను కాలిబర్ల గురించి మాట్లాడలేను.

ఆగస్టు నెల, గొర్రెలు ఈనుతున్న రోజులు. పొద్దున్నే పొలంలోకి వెళితే నాలుక కొరికేసిన పిల్లలు, తోక లేని పిల్లలు కనపడేవి, కొన్ని ఇంకా కొనఊపిరితో ఉండేవి. చేతులారా పుట్టించుకున్న పిల్లలు అవి. కవలలు పుడితే తల్లి ఒకదాన్ని నాకుతూ ఉండగానే రెండోదాన్ని నక్క లాక్కుపోయేది. నాకు కోపం ఎంతుండేదంటే రాత్రి అన్నం కూడా సరిగ్గా తినకుండా తుపాకీ పట్టుకుని బయలుదేరేవాణ్ణి. అప్పుడు నా దగ్గర ఉన్నది .17 హెచ్‌ఎంఆర్. కొట్టువాడు 200 మీటర్ల దాకా తిరుగులేదన్నాడు, తూటాలు చవక, చప్పుడు తక్కువ, కుందేళ్ళయితే 100, 120 మీటర్లలో టపటపా పడిపోయేవి. దాంతో నాకు ధైర్యం పెరిగిపోయింది.

ఆ రాత్రి ఎడమవైపు నుంచి గాలి వీస్తోంది, మరీ పెద్ద గాలి కాదు, చెవుల దగ్గర సన్నగా ఈల వేస్తున్నట్టు ఉంది. ఫారం యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, జీపు వెనక నిలబడి స్పాట్‌లైట్ తిప్పుతున్నాడు. ఎదురు వాలులో రెండు కళ్ళు నిప్పుకణికల్లా మెరిశాయి. లైటు వెలుగులో దూరం తెలియదు తమ్ముడూ, ఇది బాగా గుర్తుపెట్టుకో, చీకట్లో మెరిసే కన్ను దగ్గరున్నట్టే కనిపిస్తుంది. నేను 120 అనుకున్నాను. కాల్చాను. నక్క పడలేదు. తన వెనక తొడని తానే కొరుక్కుంటూ గిర్రున తిరిగి, చంటిపిల్ల ఏడ్చినట్టు అరిచి, చీకట్లో కలిసిపోయింది. టార్చిలైట్లు పట్టుకుని రెండింటిదాకా వెతికాం. గడ్డి మీద మంచు పేరుకుని ఉంది, అక్కడక్కడ దాని మీద చిన్న చిన్న రక్తం చుక్కలు. దొరకలేదు. తెల్లారాక కంచె మూల కనపడింది, ఇంకా బతికే ఉంది. నా వైపు చూసింది. పెద్దాయన దాన్ని ముగించి, నన్ను ఒకే మాట అడిగాడు, "ఎంత దూరం అనుకున్నావ్?" 120 అన్నాను. "నడిచి లెక్కపెట్టు" అన్నాడు. అడుగులు వేసి లెక్కపెడితే 172.

గొర్రెపిల్లల్ని తిన్నదని ఎంత కోపమైనా ఉండనీ, ఒక ప్రాణిని అలా రాత్రంతా నొప్పితో వదిలేయడం తప్పు. ఆ వారమే .17 అమ్మేశాను.

ఎందుకలా జరిగిందంటే, .17 బుల్లెట్ బరువు 17 గ్రెయిన్లు, అంటే గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే. గొట్టంలోంచి సెకనుకి 2,550 అడుగుల వేగంతో వస్తుంది కానీ బరువు లేదు కదా, గాలి దాన్ని నెట్టేస్తుంది. గంటకి 15 కిలోమీటర్ల పక్కగాలి చాలు, 200 మీటర్లకి వెళ్ళేసరికి అడుగు దాటి పక్కకి పోతుంది. అదే గాలికి .223లో 55 గ్రెయిన్ల బుల్లెట్ అయిదంగుళాల దగ్గర ఆగుతుంది. బలం సంగతి చూస్తే, 200 మీటర్లు వెళ్ళాక కూడా .223లో మిగిలిన దెబ్బ, .17 గొట్టం నోట్లోంచి బయటికి వచ్చేటప్పుడు ఉన్న దెబ్బ కంటే ఎక్కువ. ఇంక ఈ రెంటికీ పోలికేంటి? .17 కుందేలుకి మంచిదే, గాలి లేని సాయంత్రం, 120 మీటర్ల లోపల. నక్కకి మాత్రం వద్దు. ఎవరెన్ని వీడియోలు పెట్టినా నేను ఒప్పుకోను.

.22-250 గొప్ప తూటా, అదే 55 గ్రెయిన్లని సెకనుకి 3,680 అడుగుల వేగంతో పంపిస్తుంది. కానీ 200 మీటర్ల దగ్గర గాలి విషయంలో .223కీ దానికీ తేడా అంగుళం మాత్రమే. ఆ అంగుళం కోసం తుపాకీ మందు ఎక్కువ కాలుతుంది, బ్యారెల్ త్వరగా అరుగుతుంది, తూటా ఖరీదు పెరుగుతుంది. ఖరీదు పెరిగితే ప్రాక్టీసు తగ్గుతుంది, అసలు నష్టం అక్కడే. .243 అయితే .308 తూటా కేసు, అంటే ఇత్తడి డొప్ప, మెడ సన్నం చేసి 1955లో తెచ్చిన తూటా, జింకలు కూడా కొట్టాలంటే సరే, కుందేలు మీద వాడితే తినడానికి ఏమీ మిగలదు. ఆ మాటకొస్తే .223తో కొట్టిన కుందేలు కూడా కూరకి పనికిరాదు, దగ్గరగా తలకి తగిలితే తప్ప. అందుకే నీ .22 అమ్మకు. దగ్గరి కుందేళ్ళకి అది, దూరానికీ నక్కకీ .223.

ఇంకో బాధ చెప్పాలి. మనవాళ్ళు డబ్బంతా రైఫిల్ మీద పోసి, స్కోప్ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన చిల్లరతో ఏదో ఒకటి కొంటారు. అది రెండు దెబ్బలకే జీరో, అంటే ఒక దూరానికి సరిచేసి పెట్టుకున్న గురి, కదిలిపోతుంది. వాడేసిన రైఫిల్ తీసుకున్నా పరవాలేదు, స్కోప్ మాత్రం మంచిది తీసుకో. 200 మీటర్లకి జీరో చేసుకుంటే 100 దగ్గర సుమారు ఒకటిన్నర అంగుళం పైకి కొడుతుంది, నక్కకి ఆ రెండు దూరాల మధ్య లెక్కలేమీ అక్కర్లేదు, సూటిగా పెట్టి కాల్చేయడమే.

అసలు నువ్వు అడగనిది ఒకటుంది, నా లెక్కలో అదే ముఖ్యం. నక్క దగ్గరికి నువ్వు వెళ్ళక్కర్లేదు, దాన్నే రప్పించు. అక్కడ రేకు ఈల దొరుకుతుంది, గుండ్రటి రేకుని మధ్యకి మడిచినట్టు ఉంటుంది, రెండు వైపులా బెజ్జం. పెదాల మధ్య పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే దెబ్బతిన్న కుందేలు అరిచినట్టే వస్తుంది. పెద్దాయన నాకు అది నేర్పించాడు, వారం రోజులు నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వచ్చాక మాత్రం, గాలికి ఎదురుగా ఒక చెట్టుకి ఆనుకుని కూర్చుని ఈల వేస్తే, పొద్దుగూకే వేళ ఒక నక్క పొలం అవతలి గట్టు నుంచి ఆగకుండా పరిగెత్తుకుంటూ వచ్చి నలభై మీటర్ల దగ్గర నిలబడింది, ఛాతీ మీద తెల్ల వెంట్రుకలు కూడా కనపడ్డాయి. అక్కడ గాలీ లేదు, దూరమూ లేదు. ఒక్క తూటా.

మనవైపు సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే నేను గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాలు అడిగేది ఇదే, "అక్కడ కొట్టేవాడివి కదా, ఇక్కడ చెవులపిల్లుల్ని కొడదామా?" వద్దు బాబాయ్ అంటే అర్థం కాదు. అక్కడి కుందేలు ఆ నేలది కాదు. 1859లో థామస్ ఆస్టిన్ అనేవాడు వేటకోసం ఇంగ్లండు నుంచి తెప్పించి విక్టోరియాలో వదిలిపెడితే దేశమంతా పాకింది. అక్కడి నక్క కూడా అంతే, వేట సరదాకి తెచ్చారు. మన చెవులపిల్లి బొరియ కూడా తవ్వదు, మన పొలాల్లోదే, మన నక్కా మనదే. 1972 వన్యప్రాణి చట్టం రెంటినీ కాపాడుతోంది. చిన్నప్పుడు పొన్నూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో రాత్రయితే డొంక అవతల నక్కల ఊళలు వినపడేవి. ఇప్పుడు వెళితే కుక్కల అరుపులే. అదొకటైతే, పందులొస్తున్నాయని చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్ళు ఇంకో రకం. ఆ తీగకి పంది ఎవరో, తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చే పక్క చేను రైతు ఎవరో తెలియదు. తుపాకీ విషయంలో నేను నేర్చుకున్నదీ అదే, జంతువు వెనకాల ఏముందో కనపడకపోతే వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. దిబ్బ అంచు మీద, వెనక ఆకాశం తప్ప ఏమీ లేకుండా నిలబడిన నక్కని ఎప్పుడూ కాల్చకు, ఎంత మంచి అవకాశమైనా సరే.

కుందేళ్ళ సంగతికొస్తే, తుపాకీతో వాటిని తగ్గించగలం అనుకోకు. ఆడకుందేలు నెల రోజుల్లో ఈనుతుంది, ఏడాదికి ఎన్నో ఈతలు. ట్రాక్టరుతో బొరియలు దున్నేయమని మీ యజమానికి చెప్పు, మిగిలిన నాలుగైదు నువ్వు చూసుకోవచ్చు.

అక్కడి తుపాకీ లైసెన్సుల్లో .22ది 'ఏ' (A) కేటగిరీ, .223 సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో పిన్ను కొట్టే రకం) కాబట్టి 'బీ' (B) కేటగిరీ. నీ లైసెన్సులో బీ ఉందో లేదో ముందు చూసుకో, తర్వాత పర్మిట్‌కి అప్లై చెయ్యి. అది వచ్చేలోపు ఒక ఆదివారం పూట, నువ్వు మామూలుగా కూర్చునే చోటు నుంచి 100, 150, 200 మీటర్లు టేపు పెట్టి కొలిచి, ఆ దూరాల్లో ఉన్న కంచె గుంజలకి మెరిసే టేపు ముక్కలు అంటించు. ఒకటి, రెండు, మూడు పట్టీలు వరసగా. నక్క కళ్ళు కనపడినప్పుడు ముందు వాటిని చూడు.