పాఠకుల ప్రశ్నలు: ఇంటి షెడ్డులో లేత్ మిషను

ప్రశ్న: ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. నాలుగున్నర అడుగుల పాత లేత్ ఒకటి అమ్మకానికి వచ్చింది. కొత్తగా రంగు వేశారు, నడిపి చూపిస్తే పెద్దగా చప్పుడు లేదు. కొనేముందు ఏమేం చూడాలి? ఇంటి కరెంటుతో నడుస్తుందా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: రంగును లెక్కలోకి తీసుకోకండి. లేత్ విలువంతా బెడ్డులోనూ (కింద ఉండే పొడవాటి పోత ఇనుప పట్టాలు) స్పిండిల్‌లోనూ (పని ముక్కను తిప్పే ఇరుసు) ఉంటుంది. మిగతావన్నీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అరిగిన బెడ్డును గ్రైండింగ్ చేయించాలంటే మాత్రం మిషను మొత్తం ఊడదీసి మోసుకెళ్లాలి. ఆ ఖర్చు భరించే బదులు ఇంకో మిషను వెతుక్కోవడమే నయం.

చూడ్డానికి వెళ్లేటప్పుడు స్టాండుతో సహా డయల్ గేజి (సన్నటి కదలికను కూడా చూపే కొలత పరికరం), 25 మి.మీ. లావున్న అడుగు రాడ్డు, టార్చిలైటు పట్టుకెళ్లండి. ముందు బెడ్డు చూడండి. ఏళ్ల తరబడి పనిచేసిన మిషనులో సాడిల్ (టూలును మోస్తూ బెడ్డు మీద జారే భాగం) ఎక్కువగా తిరిగేది చక్కు (పని ముక్కను పట్టుకునే దవడల పట్టు) ముందున్న అడుగు, అడుగున్నర మేరలోనే. అరుగుదలా అక్కడే. సాడిల్‌ను చక్కు దగ్గరికి తెచ్చి, దాని లాక్ బోల్టును చేతికి కాస్త బరువు తెలిసేంత బిగించండి. అలాగే చక్రం తిప్పుతూ టెయిల్‌స్టాక్ (రాడ్డు రెండో కొసకు ఆసరా ఇచ్చే భాగం) వైపు తీసుకెళ్లండి. దారి పొడవునా ఒకే బరువు తెలిస్తే బెడ్డు బాగున్నట్టే. పోనుపోను బిగుసుకుని చివరికి కదలనంటే చక్కు దగ్గర బెడ్డు తిన్నదన్నమాట. సాడిల్ తిరిగే చోటుకీ తిరగని చోటుకీ మధ్య వేలిగోరు పెట్టి లాగి చూడండి. గోరుకు మెట్టు తగిలితే బేరం ఆడకుండానే తిరిగి వచ్చేయండి.

తర్వాత స్పిండిల్. చక్కులో రాడ్డు పట్టించి, గేజి ముల్లును స్పిండిల్ ముక్కు మీద ఆనించండి, చక్కు మీద కాదు. రాడ్డు కొస పట్టుకుని పైకి ఎత్తండి. ముల్లు 0.02 మి.మీ. లోపు కదిలితే ఫరవాలేదు. 0.05 దాటితే బేరింగులు సర్దాలి, లేదా మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడానికి మీకు హక్కుంది. చక్కు తీయనిస్తే స్పిండిల్ లోపలి టేపరులో ముల్లు పెట్టి చేత్తో తిప్పండి, 0.01 దగ్గర్లో ఉండాలి. త్రీ జా (మూడు దవడల) చక్కు పట్టిన రాడ్డు 0.1 వరకు ఊగినా కంగారుపడకండి, అది చక్కు గుణం.

క్రాస్ స్లైడ్ (టూలును బెడ్డుకు అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్‌లో 0.3 మి.మీ. దాకా ఖాళీ తిరుగుడు ఉంటే అది మామూలే, నట్టు మారిస్తే పోతుంది. ఛేంజ్ గేర్లు (మరలు కోయడానికి మార్చుకునే పళ్ల చక్రాలు), ఫోర్ జా చక్కు, స్టెడీ రెస్టు (పొడవాటి రాడ్డుకు నడుమ ఆసరా) మిషనుతోపాటే రావాలని ముందే మాట్లాడుకోండి. విడిగా కొనాలంటే చేతి చమురు వదులుతుంది.

కరెంటు సంగతి: నాలుగున్నర అడుగుల మిషనుకు ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు సరిపోతుంది. ఉన్నది త్రీ ఫేజ్ మోటారైతే, ఇంటి కరెంటుతోనే మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టుకోవచ్చు. అయితే మోటారు ప్లేటు మీద 230, 415 వోల్టులు రెండూ రాసి ఉండాలి, పెట్టెలో ఆరు వైరు కొసలు ఉండాలి. వాటిని స్టార్ నుంచి డెల్టాకు మార్పించండి. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య పాత డ్రమ్ స్విచ్చు (మోటారును ముందుకూ వెనక్కీ తిప్పే మీట) ఉంచొద్దు. నడుస్తుండగా దాన్ని తిప్పితే వీఎఫ్‌డీ కాలిపోతుంది. చక్కు మరతో ఎక్కే రకమైతే ఆగే సమయం మూడు నాలుగు సెకన్ల కంటే తగ్గించకండి. గిర్రున తిరిగేదాన్ని ఠక్కున ఆపితే చక్కు తన బరువుకు తానే విప్పుకుని ఊడి వస్తుంది.

ప్రశ్న: చక్కులో పట్టిన ఆరంగుళాల రాడ్డు టర్నింగ్ చేస్తే బయటి కొస 0.08 మి.మీ. లావుగా వస్తోంది. టెయిల్‌స్టాక్ ఎంత సర్దినా పోవడం లేదు. మిషను యాంగిలర్ల స్టాండు మీద ఉంది, కింద నాపరాళ్లు.
– బొబ్బిలి

జవాబు: రాడ్డుకు ఆసరాగా టెయిల్‌స్టాక్ పెట్టనప్పుడు దాన్ని సర్ది లాభం లేదు, ఆ కోతలో దానికి పాత్రే లేదు. మీ లక్షణాలన్నీ బెడ్డు మెలిపడిందనే చెబుతున్నాయి. పోత ఇనుము కదా, మెలిపడదనుకుంటారు. కానీ నాలుగు కాళ్లలో ఒకటి నాపరాయి కుంగి దిగినా, బోల్టులు బిగించేసరికి ఆ బెడ్డు వంపు తిరుగుతుంది. తడిగుడ్డ పిండినట్టే, కాకపోతే కంటికి కనపడదు.

ముందు కింద కనీసం ఐదారు అంగుళాల కాంక్రీటు వేయించండి. స్టాండు కాళ్లకు లెవెలింగ్ బోల్టులు పెట్టండి. తాపీమేస్త్రీ లెవెల్ ఈ పనికి చాలదు; మీటరుకు 0.02 మి.మీ. చూపించే మిషను లెవెల్ ఎక్కడైనా అరువు తెచ్చుకుని, బెడ్డుకు అడ్డంగా రెండు కొసల్లోనూ బుడగ ఒకేచోట నిలిచేలా సర్దండి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. 30 మి.మీ. రాడ్డును చక్కు నుంచి 150 మి.మీ. బయటికి ఉంచి, నడిమి భాగాన్ని ఒక మి.మీ. తగ్గించండి. రెండు కొసల్లో 15 మి.మీ. వెడల్పున గట్లు మిగులుతాయి. పదును పట్టిన టూలుతో, క్రాస్ స్లైడ్ ముట్టుకోకుండా, రెండు గట్ల మీదా 0.1 మి.మీ. కోత ఒకే దెబ్బలో తీసి మైక్రోమీటరుతో కొలవండి. బయటి గట్టు లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ కొసలో మీరు నిలబడే వైపు కాలును కొద్దిగా ఎత్తండి. సన్నగా ఉంటే వెనక కాలును. బోల్టు ఎనిమిదో వంతు చుట్టు తిప్పడం, మళ్లీ కోత, మళ్లీ కొలత. తేడా 0.02 లోపుకు రావాలి. అది కుదిరాకే సెంటర్ల మధ్య రాడ్డు పెట్టి టెయిల్‌స్టాక్ సర్దండి. వరస తప్పితే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని మిమ్మల్ని నెలల తరబడి తిప్పుతాయి.

కాంక్రీటు కొత్తదైతే నెల తర్వాత ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ఇదే పరీక్ష మళ్లీ చేయండి.

ప్రశ్న: మాది ఉద్దానం, సముద్రం దగ్గర. రాత్రి తుడిచి పెట్టిన బెడ్డు మీద తెల్లారేసరికి తుప్పు మచ్చలు. ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె ఉంది, రాయొచ్చా? పాత ఇంజిన్ ఆయిల్ రాయమని ఒకరు చెప్పారు.
– కవిటి

జవాబు: బెడ్డుకు రెండూ వద్దు. కొబ్బరినూనె కొన్నాళ్లకు కనరెక్కుతుంది, అందులో పుట్టే ఆమ్లాలు లోహాన్ని తింటాయి. పైగా 24 డిగ్రీలకు దిగితే గడ్డకడుతుంది. పుష్యమాసపు పొద్దున సాడిల్ కింద ఆ గడ్డ ఉంటే నూనె ఉన్నా లేనట్టే. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో మసి, ఆమ్లం, సన్నటి లోహపు రజను ఉంటాయి. బెడ్డు మీద రాస్తే రుబ్బురోలు పనే. కొబ్బరినూనెకు మంచి ఉపయోగం వేరే ఉంది: ట్యాప్‌తో మరలు కోసేటప్పుడు, డై తిప్పేటప్పుడు రెండు చుక్కలు వేయండి, కోత నున్నగా వస్తుంది. పని కాగానే తుడిచేయండి.

బెడ్డుకు 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్ తెప్పించుకోండి. అది జిగురుగా అంటిపెట్టుకుంటుంది, జారిపోదు. హెడ్‌స్టాక్‌లోకి (స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె) మాత్రం మిషను ప్లేటు మీద రాసిన నూనే పోయాలి.

మచ్చలకు కారణం మంచు. రాత్రి చల్లబడిన ఇనుము తెల్లవారుజామున వచ్చే తేమగాలి కంటే చల్లగా ఉంటుంది, చెంబు బయట నీళ్లు పట్టినట్టే దాని మీదా పడుతుంది. ఉప్పుగాలి దానికి తోడు. ప్లాస్టిక్ పరదా కప్పితే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి కప్పి, దానికింద ట్రేలో బట్టకు తగలకుండా 40 వాట్ల పాతరకం బల్బు వెలిగించి ఉంచండి. ఎల్‌ఈడీ పనికిరాదు, వేడి చాలదు. చెమట చేత్తో తాకిన చోట వేలిముద్రే తుప్పుగా తేలుతుంది, కాబట్టి ఆఖరి తుడుపు నూనె గుడ్డతోనే.

నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్ వాడితే 20 లీటర్ల నీళ్లకు ఒక లీటరు ఆయిల్. నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. పలచనైతే అదే తుప్పు పట్టిస్తుంది. గాలి గొట్టంతో బెడ్డు ఊదకండి. తురుము సాడిల్ కిందికి దూరుతుంది. బ్రష్షుతో దులపండి. సాడిల్ అంచుల్లోని ఫెల్టు ముక్కలను మూడు నెలలకోసారి కిరసనాయిలులో కడిగి నూనెలో తడిపి పెట్టండి.

ప్రశ్న: ఇత్తడి పోత పనులు టర్నింగ్ చేస్తుంటే టూలు ఒక్కసారిగా లోపలికి లాగేసి ముక్క పాడవుతోంది. ఇనుముకు బాగానే కోస్తోంది.
– బుడితి దగ్గర నుంచి

జవాబు: ఇనుముకు పట్టిన వాలే ఇత్తడికి శత్రువు. టూలు పైముఖం వెనక్కి వాలి ఉంటే ఇత్తడి దాన్ని తనలోకి లాక్కుంటుంది. క్రాస్ స్లైడ్‌లో ఎంత లూజు ఉంటే అంతా ఒక్క క్షణంలో లోపలికి పోతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలు పైముఖాన్ని సమతలంగా పట్టండి. లేదా అంచు మీద ఆయిల్ స్టోనుతో అర మి.మీ. వెడల్పు చదునైన పట్టీ తీయండి, అదే చాలు. పోత పై పొరలో ఇసుక ఉంటుంది గనుక మొదటి కోత ఆ పొర కిందికి దిగేలా తీయాలి. పైపైన గీకితే టూలు మొండికెత్తుతుంది. కంచుకు కూడా ఇదే టూలు, వేగం మాత్రం తగ్గించాలి.

ప్రశ్న: నా మిషను లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు సాడిల్‌ను నడిపే పొడవాటి స్క్రూ) అంగుళానికి 4 మరలు. దాని మీద 1.5 మి.మీ. పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) ఉన్న మర కోయగలనా?
– విజయనగరం

జవాబు: 127 పళ్ల గేరు ఉంటే కచ్చితంగా కోయగలరు. అంగుళం 25.4 మి.మీ.; ఐదంగుళాలు సరిగ్గా 127 మి.మీ. ఆ గేరు పుట్టింది అందుకే. మీ లీడ్ స్క్రూకు లెక్క సులువు: పిచ్‌ను 20తో హెచ్చించండి, అన్ని పళ్ల గేరు స్టడ్డు (స్పిండిల్‌తో సమానంగా తిరిగే గేరు ఇరుసు) మీద, 127 లీడ్ స్క్రూ మీద. 1.5కు 30, 1.75కు 35, 2కు 40. మధ్యలో ఐడ్లర్ (రెండింటినీ కలిపే గేరు) ఏదైనా ఫరవాలేదు.

మర పూర్తయ్యేదాకా హాఫ్ నట్టు (సాడిల్‌ను లీడ్ స్క్రూకు పట్టించే నట్టు) విప్పకూడదు. అంగుళాల స్క్రూ మీద మి.మీ. మర కోసేటప్పుడు హాఫ్ నట్టు ఎప్పుడు వేయాలో చూపే డయల్ గీత నమ్మి విప్పి వేస్తే టూలు పాత గాడిలో పడదు. ప్రతి కోత చివరా టూలు వెనక్కి లాగి, మోటారు రివర్సులో తిప్పి మొదటికి రండి. లోతు 0.92 మి.మీ. వరకు. మొదటిసారి గీత మాత్రమే పడేలా కోసి వెర్నియర్‌తో కొలవండి: పది మరల దూరం 15 మి.మీ. ఉండాలి. రాకపోతే చక్కును చేత్తో ఒక చుట్టు తిప్పి, స్టడ్డు కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతోందో లేదో చూడండి.