బర్డ్‌నెట్ స్కోరుకు హద్దు ఎక్కడ పెట్టాలి?

నమస్కారం. ఆడియోమాత్ అనే చిన్న రికార్డరుతో తీసిన రికార్డింగులను, కూతలను బట్టి పక్షులను గుర్తించే బర్డ్‌నెట్ సాఫ్ట్‌వేరుకు ఇస్తే కీచురాళ్ల రొదను కూడా పక్షులుగా చూపిస్తోందని, మీ కంప్యూటర్ సైన్స్ సహచరుడు చెప్పినట్టు స్కోరు (ఒక్కో గుర్తింపుకు బర్డ్‌నెట్ 0 నుంచి 1 వరకు ఇచ్చే అంకె) హద్దును 0.9కి పెంచితే అరుదైన పక్షులు మాయమవుతున్నాయని రాశారు. మీ ఇద్దరి మాటలోనూ నిజముంది. అన్ని జాతులకూ ఒకే హద్దు పెట్టడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

ఆ స్కోరు సంభావ్యత కాదు. 0.7 అంటే పదింట ఏడుసార్లు సరైనదని అర్థం కాదు. ఒక జాతికి 0.3 దగ్గరే నమ్మదగిన ఫలితం రావచ్చు, మరొక జాతికి 0.9 కూడా చాలకపోవచ్చు. అందుచేత ఒక్కో జాతికీ తక్కువ నుంచి ఎక్కువ వరకు అన్ని స్కోర్లలోనూ కొన్ని 3 సెకన్ల ముక్కలను యాదృచ్ఛికంగా తీయించుకుని, స్కోరు కనబడకుండా విని, స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని చూపే చిత్రం) చూసి, అవునో కాదో మీరే గుర్తించండి. ఆ జవాబులపై మీ సహచరుడు లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును-కాదు జవాబుల నుంచి సంభావ్యతను లెక్కగట్టే గణాంక పద్ధతి) చేస్తే, ఏ స్కోరు దగ్గర ఎంత నమ్మవచ్చో తేలుతుంది. అడవి తెలిసిన చెవి లేకుండా ఆ గణితం నిలవదు కాబట్టి ఈ పనిని దయచేసి ఇతరులకు వదిలేయకండి.

అంతకన్నా ముందు బర్డ్‌నెట్‌కు రికార్డింగు చేసిన చోటి అక్షాంశ రేఖాంశాలు, ఏడాదిలో అది ఎన్నో వారమో ఇచ్చారో లేదో చూడండి. అవి లేకపోతే వేరే ఖండాల పక్షులు కూడా జాబితాలోకి వస్తాయి. రికార్డింగు 16 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు 16 వేల నమూనాలు) జరిగి ఉంటే అందులో సగమైన 8 కిలోహెర్ట్జ్ పైనున్న కూతలు అసలు నమోదే కావు, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు; ఈసారి రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టండి.

కీచురాళ్ల బెడద అప్పటికీ తగ్గకపోతే, ఆ రొద ఉన్న ముక్కలనే విడి వర్గంగా చేర్చి బర్డ్‌నెట్ అనలైజర్ (బర్డ్‌నెట్‌ను కంప్యూటర్లో నడిపే ప్రోగ్రామ్)లో సొంత మోడల్‌కు శిక్షణ ఇవ్వవచ్చు.