ఆ మాట ఎవరన్నారు?

చెన్నై, టి.నగర్

అమ్మాయ్,

ఆశీస్సులు. చమత్కారాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చెయ్యి బాగా తిరిగింది, రెండు మూడు చోట్ల పైకే నవ్వాను. అయితే సగం చమత్కారాలు తెనాలి రామకృష్ణుడి నెత్తిన పెట్టావు, మిగతా సగం శ్రీశ్రీ నెత్తిన. ఒకటీ అరా బెర్నార్డ్ షాకి పంచావు. ముగ్గురూ పోయినవాళ్లే కాబట్టి కాదనడానికి ఎవరూ రారు.

అట్ల కథనే తీసుకో. హోటల్లో సర్వరు "అట్లు తప్ప ఏమీ లేవండీ" అన్నాట్ట, శ్రీశ్రీ "సరే, అట్లే కానీ" అన్నాట్ట. ఇదే కథ పాండీబజార్ కబుర్లలో మరో కవి పేరుతో నేను విన్నాను. ఇంకోసారి పేరు లేని అవధాని గారి మీద విన్నాను. మనిషి మారతాడు, ఊరు మారుతుంది, అట్టు మాత్రం చెక్కుచెదరదు. అలాంటి కథ కనబడితే ముందు అనుమానించాలి. ఏ ఏడు, ఏ హోటలు, పక్కన కూర్చుని విన్నదెవరు, ఆ విన్నాయన ఎక్కడైనా రాసిపెట్టాడా? వీటిలో ఒక్కదానికైనా జవాబు లేకపోతే "శ్రీశ్రీ అన్నాడు" అని రాయకు. "శ్రీశ్రీ అన్నాడని చెప్పుకుంటారు" అని రాయి. ఆ ఒక్క ముక్క చేరిస్తే వ్యాసం చప్పబడిపోతుందని నీ భయం. ఏమీ పడదు.

చమత్కారానికి పెద్ద పేరు తోడుంటేనే నలుగురి నోళ్లలో బతుకుతుంది. పక్కింటి సుబ్బారావు ఎంత గొప్ప మాటన్నా అది ఆ వీధి దాటదు, రామకృష్ణుడి పేరు తగిలిస్తే ఊళ్లు దాటుతుంది. ఇంగ్లీషువాళ్లకీ ఈ జబ్బుంది. యజమాని తెలియని మాటలన్నీ చివరికి చర్చిల్ ఖాతాలోకి కొట్టుకుపోతాయని నైజెల్ రీస్ అనే ఆయన దీనికి చర్చిల్ పేరే పెట్టాడు. "నీ మాట నాకు నచ్చదు, కానీ అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను" అన్నది వోల్టేర్ వాక్యమని మన సభల్లో ఎన్నిసార్లు విని ఉంటావు! ఆ వాక్యం రాసింది ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అనే ఆవిడ, వోల్టేర్ మిత్రుల గురించిన పుస్తకంలో, 1906లో. వోల్టేర్ పోయింది 1778లో.

తేదీలు ఎంత పని చేస్తాయో చెప్తాను. మా ఇంటి దగ్గర బ్యాంకులో కౌంటర్ పైన గాంధీగారి బొమ్మతో ఒక ఫ్రేమ్ ఉంది. "కస్టమరే మన దగ్గరకు వచ్చే అతి ముఖ్యమైన అతిథి. ఆయన మన మీద ఆధారపడి లేరు, మనమే ఆయన మీద ఆధారపడి ఉన్నాం." ఈ మాటలు చాలా చోట్ల "1890లో దక్షిణాఫ్రికా ప్రసంగం నుంచి" అన్న తోకతో కూడా కనబడతాయి. ఆ తోక దగ్గరే దొంగ దొరికిపోయాడు. 1890లో గాంధీ లండన్లో బారిష్టరు చదువుకుంటున్న కుర్రాడు. దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది 1893లో. ఇక ఆ మాటల సంగతంటావా, దాదాపు ఇవే మాటలు 1941లో అమెరికాలో అచ్చయ్యాయి, స్టూడిబేకర్ కార్ల కంపెనీ అమ్మకాల పెద్ద కెన్నెత్ ఇలియట్ పేరుతో. చదువుతుంటే గుమాస్తాలకు పాఠం చెప్పే వ్యాపారి గొంతే వినిపిస్తుంది. రాట్నం వడికే ముసలాయన ఆ ఫ్రేములోకి ఎలా వచ్చి కూర్చున్నాడో అదొక కథ, రాయగలిగితే అది రాయి. ఇలియట్టే పుట్టించాడని మాత్రం తేల్చేయకు. మనకు దొరికిన మొదటి అచ్చు వేరు, మాట పుట్టుక వేరు.

మన ఇంటి ఉదాహరణ ఇంకా రుచిగా ఉంటుంది. "దేశభాషలందు తెలుగు లెస్స" అన్నది ఎవరంటే బడిపిల్లలు కూడా కృష్ణదేవరాయలంటారు. ఆముక్తమాల్యదలో ఉంది, నిజమే. అయితే అక్కడ ఆ మాటంటున్నది రాయలు కాదు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆగిన రాజుకి కలలో కనబడి ఆంధ్రవిష్ణువు అంటాడు. అంటే రాజు దేవుడి నోట పలికించిన మాట. సరే, అక్కడితో ఆగుదామా? క్రీడాభిరామం తెరువు. "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందు తెలుగు లెస్స" అని అచ్చం అదే పాదం అక్కడా ఉంది. ఆ కావ్యం వినుకొండ వల్లభరాయడి పేరుతో ఉంది, శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. ఎవరిదైనా రాయల కంటే ముందుది. రాయలు అరువు తెచ్చుకున్నారా, అప్పటికే అది జనం నోట నానుతున్న మాటా? నాకు రెండోదే సబబనిపిస్తుంది. ఇది నా ఊహ, ఊహ అనే చెప్పుకుంటాను.

వేమన సంగతి మరీ కష్టం. "విశ్వదాభిరామ" అని చివర తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమనదైపోతుంది. బ్రౌన్ దొర 1829లో ఇక్కడే మద్రాసులో వేసిన కూర్పులో ఒక పద్యం లేనంత మాత్రాన అది వేమనది కాకపోదు. ఉంటే మాత్రం ఆ తర్వాతివాళ్లెవరూ దాన్ని తమదనుకోలేరు. కెప్టెన్ కార్ 1868లో అచ్చువేసిన తెలుగు సామెతల పుస్తకం కూడా అలాగే పనికొస్తుంది. అందులో ఉన్న మాటని ఏ సినిమా రచయితకీ కట్టబెట్టనక్కర్లేదు.

ఈ పనికి నువ్వు చెన్నైలో ఉండడం అదృష్టం. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు చోట్లలో అదొకటి. ఆంధ్రపత్రిక 1914 నుంచి ఈ ఊళ్లోనే నడిచింది, భారతి మాసపత్రిక ఇక్కడే పుట్టింది. పాత సంచికల స్కాన్లు ఇంట్లోనే చూడొచ్చంటావు, చూడు. కానీ స్కాన్లో తెలుగు వెతుకులాట నమ్మదగ్గది కాదు. వాక్యం మొత్తం కొట్టి దొరకలేదనుకోకు, మధ్యలో ఉన్న అరుదైన మాట ఒక్కటి కొట్టు. "ఇక"ని అప్పట్లో "యిక" అనీ "యిహ" అనీ రాసేవారు, అలా కూడా ప్రయత్నించు. అదీ కుదరకపోతే పేజీలు తిప్పడమే. నడుం నొప్పి ఖాయం.

నీ వ్యాసంలో "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" ఒక్కటీ అసలు యజమాని దగ్గరే ఉంది. కన్యాశుల్కం, అగ్నిహోత్రావధాన్లు, సందేహం లేదు. అయితే గురజాడ ఆ నాటకాన్ని 1897లో ఒకసారి అచ్చువేసి, బాగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని ఆ మాట మొదటిదాంట్లో ఉందో లేదో, ఉంటే ఏ రూపంలో ఉందో చూడు. కెప్టెన్ కార్ సామెతల పుస్తకంలో "త" అక్షరం పేజీలు కూడా తిరగెయ్యి. అది తేలాక వ్యాసం మళ్లీ పంపు. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చేసి రా.

శుభం.