కెమిస్ట్ సైటేషన్లు: ఏ అంకెను పట్టుకోవాలి?

ప్రశ్న: ఒక కెమిస్ట్ నానో పదార్థాల మీద, గణిత రసాయనం మీద పేపర్లు రాశారు. గూగుల్ స్కాలర్‌లో ఆయన హెచ్-ఇండెక్స్ ఒకటి, స్కోపస్‌లో ఇంకొకటి. ఏది సరైనది? నానో పేపర్లకే సైటేషన్లు ఎక్కువ కాబట్టి ఆయన సత్తా అక్కడే ఉందనుకోవచ్చా?

జవాబు: సైటేషన్ అంటే ఒక పేపరును మరో పేపరు ప్రస్తావించడం. కనీసం 5 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 5 ఉంటే హెచ్-ఇండెక్స్ 5; అలా దొరికే అతి పెద్ద అంకే హెచ్. స్కాలర్, స్కోపస్ ఈ సైటేషన్లను లెక్కించే రెండు డేటాబేస్‌లు, దేని లెక్క దానిదే. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్ల (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్ల)లోని ప్రస్తావనలనూ కలుపుకుంటుంది. స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు, సదస్సుల పత్రాలకే ప్రధానంగా పరిమితం. అందుకే స్కాలర్ అంకె సాధారణంగా పెద్దది. డేటాబేస్ పేరు, చూసిన తేదీ రాయని హెచ్-ఇండెక్స్‌ను అసలు పట్టించుకోకండి.

ముందు జాబితా సరిచూడండి. అవే ఇనిషియల్స్ ఉన్న మరొకరి పేపర్లు వచ్చి చేరడం, ఒకే మనిషి రెండు ప్రొఫైళ్లుగా చీలిపోవడం మామూలే. ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడి ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కింద ఉన్న జాబితాతో డీఓఐ (ఒక్కో పేపరు శాశ్వత గుర్తింపు) వారీగా పోల్చితే రెండూ బయటపడతాయి.

సైటేషన్లు 25, 18, 9, 6, 5, 5, 2 అనుకుందాం. ఐదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 6 లేవు. కాబట్టి హెచ్ 5. ఆ 25 కాస్తా 2,500 అయినా హెచ్ కదలదు. 2005లో దీన్ని ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ కూడా జీవశాస్త్రాల్లో హెచ్ విలువలు పెద్దగా ఉంటాయని ఆ పేపర్లోనే చెప్పాడు.

ఇక రంగాల సంగతి. స్కోపస్ సమాచారంతో లెక్కించే ఎఫ్‌డబ్ల్యూసీఐ (రంగాన్ని బట్టి సవరించిన సైటేషన్ సూచిక), ఒక పేపరుకు వచ్చిన సైటేషన్లను అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్ల సగటుతో భాగిస్తుంది. 1 వస్తే ప్రపంచ సగటు. అచ్చయిన ఏడాదీ, ఆ తర్వాతి మూడేళ్లూ లెక్కలోకి వస్తాయి. అంచేత నిరుడు వచ్చిన పేపరు విలువ ఇంకా ఊగుతూనే ఉంటుంది. రివ్యూను (పాత పరిశోధనలను సమీక్షించే వ్యాసాన్ని) రివ్యూలతోనే పోల్చాలి, ఎందుకంటే వాటికి మామూలు పేపర్ల కన్నా సైటేషన్లు ఎక్కువ.

ఊహకు రెండు పేపర్లు తీసుకుందాం. నానో పేపరుకు 40, ఆ రంగం సగటు 50: విలువ 0.8. గణిత రసాయనం పేపరుకు 12, సగటు 4: విలువ 3. తక్కువ సైటేషన్లున్నదే తన రంగంలో మెరుగు! మీ రెండో ప్రశ్నకు జవాబు ఇదే. అసలు తకరారు రెండింటినీ కలిపేటప్పుడు వస్తుంది. 0.8, 3ల సగటు 1.9. అలా కాక మొత్తం 52ను మొత్తం 54తో భాగిస్తే 0.96. ఈ రెండో పద్ధతిలో సైటేషన్లు ఎక్కువుండే రంగం మిగతాదాన్ని మింగేస్తుంది, కాబట్టి మొదటిదే వాడండి. అందులోనూ పేపర్లు కొద్దిగా ఉంటే ఒక్కటి చాలు సగటును ఎగదోయడానికి. అప్పుడు తమ రంగంలో పై 10 శాతంలో ఎన్ని ఉన్నాయో చూడడం మేలు.

ఇంకో చిక్కుంది: రంగాన్ని నిర్ణయించేది పేపరు కాదు, అది అచ్చయిన జర్నల్. జర్నల్ విభాగం పొసగకపోతే పోలికే తప్పుతుంది.

ప్రశ్న: జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. అది జర్నల్‌లోని పేపర్ల సైటేషన్ల సగటు, మనిషిది కాదు. షెల్డ్రిక్ అనే కెమిస్ట్ స్ఫటిక నిర్మాణాలు తేల్చే తన షెల్‌ఎక్స్ ప్రోగ్రామ్‌ల చరిత్ర మీద 2008లో రాసిన వ్యాసాన్ని, వాటిని వాడినవాళ్లు ఎందరో ఉదహరించారు. దాంతో అది అచ్చయిన ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ’ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009కి సుమారు 2 నుంచి దాదాపు 50కి ఎగబాకింది. పక్క పేజీల్లోని పేపర్లకు దానివల్ల ఒక్క సైటేషన్ కూడా కలిసిరాలేదు.