మా తోట బీహార్‌లో ఉండేదా?

ప్రశ్న: మా తాత కొన్న కొబ్బరితోట మీద లోను పెడదామని లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు వెతికితే మూడు దొరికాయి. 1929 నాటి కాయితంలో ‘గంజాం జిల్లా’ అని, 1941లో ‘విశాఖపట్నం జిల్లా’ అని, 1952లో ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉంది. వాటిని చూసిన ఒకాయన, ‘గంజాం అంటే ఒరిస్సా, అప్పుడది బీహార్‌తో కలిసి ఉండేది, మీ తోట బీహార్‌లోది’ అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నిజమేనా? 
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: కాదు. మీ తోట ఒక్కరోజు కూడా బీహార్‌లో లేదు, ఒరిస్సాలోనూ లేదు.

నేను శ్రీకాకుళంలో ముప్పయ్యేళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. ఇలాంటి మూడు పేర్ల కాయితాలు నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. ‘ఇదేటి బాబూ, మా పొలం ఇన్ని జిల్లాలు తిరిగిందేటి?’ అని ఒక ముసలమ్మ నన్ను నిలదీసింది కూడా. పొలం ఎక్కడికీ పోలేదమ్మా, కలెక్టరే మారాడు అన్నాను.

మీకు చెప్పినాయన సగం నిజమే చెప్పాడు. ‘బీహార్, ఒరిస్సా’ అని ఒక ప్రావిన్సు ఉండేది. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదో జార్జి బెంగాల్ విభజనను రద్దు చేసి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చాడు. ఆ ఊపులోనే బీహార్, ఛోటానాగపూర్, ఒరిస్సాలను బెంగాల్ నుంచి తీసి ఒక్క మూట కట్టారు. 1912 ఏప్రిల్ 1 నుంచి పాట్నా రాజధాని. ఆ మూటలో ఒరిస్సా అన్నది కటక్, పూరీ, బాలాసోర్, సంబల్‌పూర్, అంగుల్ అనే అయిదు జిల్లాలు మాత్రమే. అది చిలికా దగ్గర ఆగిపోయింది. ఇవతల మన గంజాం, మద్రాసు ప్రెసిడెన్సీలోది. కలెక్టరు ఛత్రపురంలో ఉండేవాడు. బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, మా శ్రీకాకుళం అన్నీ ఆయన కిందే.

ఆ ప్రావిన్సు బతికింది సరిగ్గా 24 ఏళ్ళు. కటక్ వాడికి పాట్నా దూరం, భాష వేరు. రైల్లో పోవాలన్నా బెంగాల్ గడ్డ తొక్కాల్సిందే. బెంగాల్ కింద ఉన్నప్పటి బాధే మళ్ళీ వచ్చిందని వాళ్ళు అనుకున్నారంటే తప్పు పట్టలేను. మద్రాసు కింద ఉండి మనమూ అదే అన్నాం కదా.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు ప్రావిన్సు అయింది. మీ కాయితాల్లో పేరు మారడానికి కారణం ఇదే. గంజాంని రెండుగా కోశారు. బరంపురం, ఛత్రపురం, ఆస్కా వైపు ఒరిస్సాకి పోయాయి. ఇచ్ఛాపురం నుంచి మన వైపు ముక్క మద్రాసులోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. విశాఖ నుంచి జయపురం ఏజెన్సీని తీసి కోరాపుట్ పేరుతో ఒరిస్సాకి ఇచ్చారు. 1950 ఆగస్టు 15న విశాఖని చీల్చి శ్రీకాకుళం జిల్లా చేశారు. మీ మూడో కాయితం ఆ తర్వాతది.

అసలు గొడవంతా పర్లాకిమిడి దగ్గర జరిగింది. జమీందారీని రెండు ముక్కలు చేసి, ఊరిని ఒరిస్సాకి ఇచ్చారు. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే బడిపంతులుగా జీవితం గడిపిన మనిషి. ఒరిస్సా ప్రారంభోత్సవం వేళకి ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఊళ్ళో ఒడియావాళ్ళూ ఉన్నారు, గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఏడవాల్సిందే.

ఇక మీ పని. జిల్లా పేరు పక్కన పెట్టి చెక్కుబందీ చదవండి. తూర్పున ఏ గట్టు, పడమర ఎవరి తోట, ఉత్తరాన ఏ బాట, దక్షిణాన ఏ గెడ్డ. మూడింటిలోనూ అవి కలిస్తే ఆస్తి ఒకటే. పక్క తోట ఆసామీ పేరు మారి ఉండవచ్చు, కంగారుపడకండి, అది వాళ్ళ కొడుకు పేరు అయి ఉంటుంది. ఏ ఏడు ఏ జిల్లాయో ఒక తెల్లకాయితం మీద రాసి పైన పెట్టి ఇవ్వండి. బ్యాంకు లాయర్లకి ఆ తెల్లకాయితం అంటే మహా ఇష్టం.

ప్రశ్న: ఒరిస్సా 1936లోనే వేరైతే, హైకోర్టు 1948లో వచ్చిందెందుకు? 
– ఒక లా విద్యార్థిని, విజయనగరం

జవాబు: గవర్నరు మారాడు గానీ జడ్జీలు మారలేదమ్మా. 1916లో పెట్టిన పాట్నా హైకోర్టే ఒరిస్సాకీ కోర్టు. జడ్జీలు కటక్ వచ్చి కూర్చునేవారు. విడిపోయాక కూడా అదే సాగింది, 1948 జూలై 26న కటక్‌లో సొంత హైకోర్టు వచ్చేదాకా. నవ్వకండి, మనదీ అదే కథ. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది, గుంటూరులో హైకోర్టు 1954 జూలై 5న. ఆ తొమ్మిది నెలలూ విజయనగరం అప్పీలు మద్రాసుకే పోయింది.