ఎప్సన్ పీ800 ప్రింటర్‌లో నలుపు-తెలుపు ఫొటోకి ఆకుపచ్చ ఛాయ: రిప్ కొనాలా?

ఆకుపచ్చ ఛాయకి కారణం చాలాసార్లు ప్రింటర్ కాదు, రంగుల సర్దుబాటు రెండుసార్లు జరగడం. ఫొటోషాప్ ఒకసారి ప్రొఫైల్ (కాగితానికి తగ్గ రంగుల లెక్క) వేస్తోంది, ఎప్సన్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దానిమీద మళ్లీ సరిచేస్తోంది. క్వాడ్‌టోన్ రిప్ (ఎప్సన్ డ్రైవర్ బదులు వాడే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్) కొనేముందు ఇది చూడండి.

1. డ్రైవర్‌లో 'అడ్వాన్స్‌డ్ బీ అండ్ డబ్ల్యూ ఫొటో' ఎంచుకోండి. బూడిదరంగుల్ని ఎక్కువగా మూడు నలుపు ఇంకులతోనే వేస్తుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఫొటోషాప్ ప్రింట్ విండోలో 'ప్రింటర్ మేనేజెస్ కలర్స్' పెట్టాలి. 'ఫొటోషాప్ మేనేజెస్' అని ఉంటే ఒకటో మెట్టు వృథా.

3. టోనింగ్ 'న్యూట్రల్'. మరీ ముదురుగా వస్తే టోన్ 'డార్కర్' నుంచి 'డార్క్'కి.

4. ఒకరోజు ఆరనిచ్చి, పగటి వెలుగులో చూడండి. నేను ప్రింట్ చేసిన ఫొటోలో మా తాతయ్య తలపాగా ట్యూబ్‌లైట్ కింద తెల్లగానే ఉండేది, అరుగు మీదికి తెస్తే ఆకుపచ్చగా కనిపించింది.

క్వాడ్‌టోన్ మంచిదే. ఏ బూడిద మెట్టుకి ఏ ఇంకు ఎంత పడాలో కర్వ్‌లతో మీరే నిర్ణయించవచ్చు. వేరే కంపెనీ కాగితాలో, కార్బన్ ఇంకులో వాడితే తప్పక తీసుకోండి. ఎప్సన్ కాగితం మీదైతే పై మోడ్ చాలు.