బెంగళూరులో 45 వేల జీతం, కంపెనీ పాలసీ 3 లక్షలు: ఇంకో హెల్త్ ఇన్సూరెన్స్ కావాలా?

పెళ్లి కాలేదు, ఊర్లో అమ్మానాన్న ఉన్నారు, నా జీతానికి ఏ ప్లాన్ సరిపోతుంది అని మీరు అడిగారు. జీతంలో ఇంత శాతం పెట్టాలని లెక్కలు చెప్పేవాళ్లు బోలెడుమంది. నన్నడిగితే జీతం సంగతి తర్వాత. ముందు పాలసీ కాగితాల్లో 'రూం రెంట్' అన్న మాట ఎక్కడుందో వెతకండి. నేను వెతకలేదు, 67 వేలు కట్టుకున్నాను.

2023లో మా నాయనకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లని అనంతపురంలో తేలింది. నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో కాబట్టి ఆపరేషన్‌కు ఇక్కడికే పిలిపించుకున్నా. అంతకు నాలుగేళ్ల ముందు మా దూరపు బంధువు ఒకాయన నాయన పేరు మీద చేయించిన 3 లక్షల పాలసీ ఉంది. ఆయన ఏజెంటు. ప్రీమియం తక్కువ, మనవాడు, ఇంకేం చూస్తాం?

చేర్చుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి వార్డా, షేరింగా, సింగిలా అని అడిగింది. "వార్డు చాలు రా, నలుగురు మనుషులుంటారు, పొద్దుపోతుంది" అన్నాడు నాయన. నేను వింటేనా! ఇన్సూరెన్స్ ఉంది కదా అని రోజుకు 6,000 సింగిల్ రూం తీసుకున్నా. పాలసీలో రూముకు రోజుకు కవర్‌లో 1 శాతమే ఇస్తారట, అంటే 3,000. ఆ సంగతి అడ్మిషన్ అయ్యాక తెలిసింది. సరే, పైన 3,000 మనం కట్టుకుంటే పోయె, నాలుగు రోజులకు 12 వేలే కదా అనుకున్నా.

అలా కాదట. మనకు అర్హత ఉన్న అద్దె తీసుకున్న అద్దెలో సగం కాబట్టి, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కూడా సగమే ఇస్తారు. రూముని బట్టి ఆస్పత్రి మిగతా రేట్లు కూడా పెంచుతుందని ఇన్సూరెన్స్ వాళ్ల వాదన. బిల్లు 1,60,000. అందులో రూం 24 వేలు, సర్జనూ థియేటరూ గట్రా 90 వేలు, మందులు, టెస్టులు 36 వేలు, గ్లవ్స్, మాస్కులు లాంటివి 10 వేలు. మొదటి రెండింట్లో సగం, అంటే 57 వేలు, కోసేశారు. మందులు, టెస్టుల జోలికి రాలేదు. గ్లవ్స్ పది వేలూ అసలు ఇవ్వనే ఇవ్వరు. 3 లక్షల పాలసీ, అందులో సగం పైచిలుకు బిల్లు, అయినా నా జేబుకు చిల్లు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "అది అందరికీ ఉండేదే అబ్బాయ్" అన్నాడు.

డిశ్చార్జ్ అని పొద్దున పదికి చెప్పారు. నాయన ప్యాంటు, చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ రాత్రి ఏడున్నరకు వచ్చింది. మధ్యలో క్యాంటీన్ సాంబారు తిని "దీంట్లో బెల్లం ఎవరు వేశారు రా" అని ఒకటే గొణుగుడు. ఆ విషయంలో ఈ ఊరిని నేనూ ఇప్పటికీ క్షమించలేదు. 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ రూలు తెచ్చింది: డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఆ అదనపు ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీదే. మా నాయనకు ఏడాది ముందు రాళ్లు వచ్చాయి, ఏం చేస్తాం.

ఇక మీ సంగతి. కంపెనీ కవర్ ఉద్యోగం ఉన్నంతవరకే. ఈ ఊర్లో ఉద్యోగాల నిలకడ మీకు నేను చెప్పాలా? కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే సొంతంగా 5 లక్షలది, రూం లిమిట్ లేనిది తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి డబ్బులివ్వరు. అది ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. పెద్ద కవర్ కావాలంటే దానిపైన సూపర్ టాపప్ (ఖర్చు ఒక మొత్తం దాటాక, ఆ పైది ఇచ్చే పాలసీ) వేసుకోండి. ఉత్త టాపప్ వద్దు: అది ఒక్కో బిల్లునీ విడిగా చూస్తుంది, సూపర్ టాపప్ ఏడాది బిల్లులన్నీ కలిపి చూస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు, ఆ సాకూ పోయింది.

అమ్మానాన్నలను మీ ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ ఒకే కవర్ ఉండే పాలసీలో) కలపొద్దు. అందులో పెద్దవాళ్ల వయసును బట్టే ప్రీమియం లాగుతారు. వాళ్లకు విడిగా తీసుకోండి, బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. "రాయకపోతే ఏమవుతుంది సార్" అనే ఏజెంటు క్లెయిమ్ రోజున ఫోన్ ఎత్తడు. బ్యాంకు నుంచి ఫోన్ చేసి ఈ రోజే ఆఖరు అనేవాళ్ల మాట అసలు వినొద్దు. నాకు ఆ ఆఖరి రోజు వారానికి రెండుసార్లు వస్తుంది.

నాయన పాలసీని తర్వాత రూం లిమిట్ లేని దానికి పోర్ట్ చేయించా, అంటే వేరే పాలసీకి మార్పించా. వెయిటింగ్‌లో గడిచిన ఏళ్లు పోలేదు కానీ ప్రీమియం బాగా పెరిగింది. ఇక ఏ రూం అయినా తీసుకోవచ్చు నాయనా అని చెప్తే, "ఈసారన్నా వార్డులో పడుకోనిస్తావా" అన్నాడు.